అందలూసియా పితామహుడు బ్లాస్ ఇన్ఫాంతే – మనం నేర్చుకోవలసింది
(ప్రసంగ పాఠం)



మన సభల్లో అందలూస్ ప్రస్తావన వస్తే అది ఏ దారిన పోతుందో అందరికీ ముందే తెలుసు. ఖుర్తుబా మస్జిద్ స్తంభాలను, గర్నాతాలోని అల్‌హమ్రాను, ఆనాటి గ్రంథాలయాలను, హకీములను స్మరించుకుంటాం. చివరకు 1492 దగ్గర ఆగి నిట్టూరుస్తాం. నిట్టూర్పు సహజమే. అయితే నిట్టూర్పు వల్ల ఏ జాతికీ హక్కులు రాలేదు. అందుచేత నేడు ఆ నేలను గురించే, మన సభల్లో అరుదుగా వినబడే ఒక మనిషి ద్వారా నాలుగు మాటలు చెప్పదలిచాము.

ఆయన పేరు బ్లాస్ ఇన్ఫాంతే. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన న్యాయవాద పట్టభద్రుడు, వృత్తిరీత్యా నోటరీ. పోటీ చేసిన ఏ ఎన్నికలోనూ గెలవలేదు. ఒక్క రోజు కూడా అధికార పదవిలో కూర్చోలేదు. అయినా స్పెయిన్ దేశంలోని అందలూసియా ప్రాంతపు శాసనసభ 1983లో ఆయనను తమ మాతృభూమికి పితామహుడిగా గుర్తించింది. ఓడిపోతూ వచ్చిన మనిషికి ఇంత గౌరవం ఎందుకు దక్కింది, ఆ గౌరవంలో మనకు సంబంధించినది ఏముంది అన్నదే నేటి ప్రసంగ విషయం.

ముందుగా ఆ నేల సంగతి. అందలూసియా స్పెయిన్‌కు దక్షిణాన ఉన్న ప్రాంతం. సెవిల్లా, కొర్దోబా, గ్రనాడా, మలగా, కాదిస్ వంటి నగరాలు అందులోనివే. మన ఉర్దూ పుస్తకాల్లో ఇష్బీలియా, ఖుర్తుబా, గర్నాతా అని చదువుకున్నవి ఇవే. 711లో మొదలైన ముస్లిం పాలన 1492 జనవరి 2న గ్రనాడా అప్పగింతతో ముగిసింది. ఆ అప్పగింత ఊరకే జరగలేదు. 1491 నవంబరులో ఒప్పందం రాసుకున్నారు. ముస్లింల మతానికి, మస్జిదులకు, ఆస్తులకు, షరీఅత్ ప్రకారం నడిచే వారి న్యాయానికి రక్షణ ఉంటుందని అందులో రాజు, రాణి మాట ఇచ్చారు. పదేళ్లు తిరగకముందే ఆ మాట నీటి మీద రాత అయింది. బలవంతపు బాప్తిస్మాలు మొదలయ్యాయి. 1567లో అరబీ భాషనూ, వారి దుస్తులనూ, స్నానశాలలనూ నిషేధించే ఆజ్ఞ వచ్చింది. తిరుగుబాటు జరిగింది, అణచివేత జరిగింది. బాప్తిస్మం పొందినవారిని కూడా నమ్మలేమంటూ 1609 నుంచి 1614 వరకు సుమారు 3 లక్షల మందిని దేశం నుంచి వెళ్లగొట్టారు. వారినే మొరిస్కోలు అంటారు.

ఆ తరువాతి మూడు వందల ఏళ్లూ స్పెయిన్ పిల్లలు బడిలో చదివిన చరిత్ర ఒకటే. ముస్లింలు బయటివారు, వచ్చి ఆక్రమించారు, మనం తరిమి మన దేశాన్ని మనం తిరిగి పుచ్చుకున్నాం. ఈ కథలో ఎనిమిది శతాబ్దాలు ఒక దండయాత్రగా మిగిలిపోయాయి. ఈ కథను మార్చి చెప్పే పనిని రాజకీయాల్లోకి తెచ్చినవారు ఇన్ఫాంతే.

ఆయన 1885 జూలై 5న మలగా జిల్లాలోని కసారెస్ అనే కొండ ఊరిలో పుట్టారు. తండ్రి ఆ ఊరి న్యాయస్థానంలో కార్యదర్శి, తల్లిది వ్యవసాయ కుటుంబం. ఇంటి పరిస్థితులు కుంగడంతో చదువు మధ్యలో ఆగి, ఆ కోర్టులోనే గుమస్తాగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూ, తరగతులకు పోకుండానే పరీక్షలు రాసి 1906లో గ్రనాడా విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పొందారు. దస్త్రాల మధ్య జీవితం గడిపిన మాబోటి వారికి ఈ భాగం చదువుతుంటే కాస్త ఆత్మీయంగా తోస్తుంది.

తరువాత కఠినమైన పోటీ పరీక్షలో నెగ్గి 1910లో సెవిల్లా జిల్లాలోని కాంతియానాలో నోటరీ అయ్యారు. అక్కడ నోటరీ అంటే కోర్టు ఆవరణలో చెట్టు కింద ముద్ర వేసే నోటరీ కాదు. భూమి అమ్మకం, తనఖా, వీలునామా, భాగ పంపకం ఏదైనా ఆయన ముందు రాసుకోవాలి. ఒక ప్రాంతంలో భూమి ఎవరి చేతిలో ఉందో, ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోతుందో ఆ ఉద్యోగికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఇన్ఫాంతేకు తెలిసినది ఏమిటి? అందలూసియాలో వేల ఎకరాల కమతాలు కొద్ది కుటుంబాల పేర ఉన్నాయి. ఊళ్లకు ఊళ్లు రోజు కూలి మీద బతుకుతున్నాయి. పొద్దున్నే ఊరి కూడలిలో నిలబడి, యజమాని మనిషి వచ్చి పిలిస్తే పని, పిలవకపోతే పస్తు. చిన్నతనంలో కసారెస్‌లో చూసిన ఆ కూలీల ఆకలి తన మనసును వదల్లేదని ఆయనే రాసుకున్నారు.

అమెరికా అర్థశాస్త్రవేత్త హెన్రీ జార్జ్ భావాలు ఆయనను ఆకట్టుకున్నాయి. భూమి ఎవరూ తయారు చేసినది కాదు కనుక దాని విలువ వల్ల వచ్చే ఆదాయం సమాజానికి చెందాలి, శ్రమించేవాడికి భూమి అందాలి అన్నది దాని సారాంశం. 1915లో ఆయన ‘ఐదియాల్ అందలూస్’ అనే గ్రంథం ప్రచురించారు. అందలూసియా పేదరికం ప్రజల సోమరితనం వల్ల వచ్చినది కాదనీ, భూమి పోగొట్టుకోవడం వల్ల వచ్చినదనీ ఆయన వాదం. భూమిలేని కూలీని, శతాబ్దాల క్రితం భూమి నుంచి గెంటివేయబడిన రైతుకు వారసుడిగా ఆయన చూశారు. ఈ రెండింటినీ కలిపి చూడడమే ఆయన ప్రత్యేకత. సోదరులారా, ఈ మాట దగ్గర కాస్త ఆగుదాం. ఆయనకు అందలూస్ పాత రాజభవనం కాదు, నేటి కూలీ ఆకలికి మూలం ఎక్కడుందో చూపించే రికార్డు.

1916లో సెవిల్లాలో అందలూసియా కేంద్రం అనే సంస్థ స్థాపించి, ఇతర ఊళ్లకు విస్తరించారు. 1918 జనవరిలో రోందా పట్టణంలో జరిగిన మహాసభ ఆ ప్రాంతానికి ఒక జెండాను, ఒక చిహ్నాన్ని ఆమోదించింది. ఆకుపచ్చ, తెలుపు, ఆకుపచ్చ పట్టీల జెండా అది. ఆకుపచ్చ ఉమయ్యాలదనీ, తెలుపు అల్‌మువహ్హిదులదనీ ఆయన వివరించారు. మూడు శతాబ్దాల క్రితం అరబీ మాట్లాడితే శిక్షించిన నేల మీద, ఖలీఫాల రంగును ప్రజలందరి రంగుగా ఎగరవేయాలని బహిరంగ సభలో ప్రతిపాదించడం చిన్న సాహసం కాదు. ఆ చిహ్నం మీది నినాదం కూడా గమనించదగినది. అందలూసియా తన కోసం, స్పెయిన్ కోసం, మానవాళి కోసం అని దాని భావం. ప్రాంతీయాభిమానం ద్వేషంగా మారకూడదన్న జాగ్రత్త అందులో ఉంది. 1919 జనవరి 1న కొర్దోబా నుంచి వెలువడిన ప్రకటన అందలూసియాను ఒక జాతీయ వాస్తవంగా పేర్కొన్నది.

ఎన్నికల సంగతి క్లుప్తంగా చెబుతాము. 1918లో పోటీ చేశారు, ఓడారు. 1919లో పోటీ చేశారు, ఓడారు. ఆ రోజుల్లో అక్కడ పల్లె ఓట్లు భూస్వాముల గుప్పిట్లో ఉండేవి. ఊరి పెద్ద ఎవరికి వేయమంటే వారికే ఓటు. ఈ బాధ మనకు వివరించనక్కరలేదు.

1923లో సైనిక నియంత ప్రిమో దె రివేరా అధికారంలోకి వచ్చాక అందలూసియా కేంద్రాలు మూతపడ్డాయి. ఇన్ఫాంతే సముద్రతీరాన ఉన్న ఇస్లా క్రిస్తీనాలో నోటరీగా పనిచేస్తూ చరిత్ర అధ్యయనంలో మునిగారు. అంతకు ముందే 1920లో సెవిల్లా చివరి అబ్బాదీ రాజు అల్ ముఅతమిద్ మీద ఒక నాటకం రాశారు. ఆ రాజు గొప్ప కవి. 1091లో అల్ మురాబితులు రాజ్యం లాక్కుని మొరాకోకు ఖైదీగా తీసుకుపోగా, 1095లో మర్రాకిష్ సమీపంలోని అగ్‌మాత్‌లో మరణించారు. 1924లో ఇన్ఫాంతే ఆ సమాధిని వెతుక్కుంటూ అగ్‌మాత్ వెళ్లారు. నేడు అక్కడ కనబడే గోపురం 1970లో కట్టినది. ఆయన వెళ్లిన నాటికి అదేమీ లేదు.

ఈ యాత్ర గురించి ఒక వాదం ప్రచారంలో ఉంది. ఇన్ఫాంతే అక్కడ కలిమా చదివి అహ్మద్ అనే పేరు స్వీకరించారని కొందరు రాశారు. చరిత్రకారులలో చాలామంది దీనిని అంగీకరించరు. మన పత్రికల్లోనూ, సెల్‌ఫోన్ సందేశాల్లోనూ ఇది నిర్ధారిత సత్యంగా తిరుగుతూ ఉంటుంది. ఈ విషయంలో మా అభిప్రాయం స్పష్టం. హృదయాల్లో ఏముందో అల్లాహ్‌కు తెలుసు. రుజువు లేని దానిని సత్యంగా చాటడం మనకు తగదు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆయన ముస్లిం అయితేనే మనకు గౌరవనీయుడా? అధిక సంఖ్యాక సమాజంలో పుట్టి, ఆ సమాజంలోనే జీవిస్తూ, ‘వీరు బయటివారు కాదు, మన తాతలే’ అని తన సొంతవాళ్లతో చెప్పడంలో ఉన్న ధైర్యం తక్కువదా? న్యాయం పలికిన ప్రతివారినీ మనలో కలిపేసుకుంటే, మన బయట న్యాయం పలికేవారే లేరని మనమే ఒప్పుకున్నట్లు అవుతుంది.

అభిమానంలో పడి ఆయన చెప్పినదంతా ప్రమాణమని కూడా అనకూడదు. ఫ్లామెంకో గానం భూమి పోగొట్టుకున్న మొరిస్కో రైతుల గుండెల్లోంచి వచ్చిందనీ, ఆ పేరు ‘ఫల్లాహ్’ అంటే రైతు అనే అరబీ మాటలోంచి పుట్టిందనీ ఆయన రాశారు. భాషాశాస్త్రవేత్తలు ఆ వ్యుత్పత్తిని అంగీకరించలేదు. అందలూస్‌ను ఆయన కొంత ఆదర్శంగా ఊహించుకున్న మాట కూడా నిజం. అక్కడా యుద్ధాలు, అంతఃకలహాలు, అన్యాయాలు ఉన్నాయి. అయినా దాగిన చరిత్రను వెలికితీయాలన్న ఆయన తపనను ఇవి తగ్గించవు.

1931లో స్పెయిన్‌లో రాజరికం పోయి గణతంత్రం వచ్చింది. ఇన్ఫాంతే సెవిల్లా దగ్గర కొరియా దెల్ రియోకు నోటరీగా మారారు. అక్కడ తానే రూపకల్పన చేసుకుని అందలూసీ శైలిలో ఇల్లు కట్టి ‘దారుల్ ఫరహ్’, అంటే ఆనంద నిలయం అని పేరు పెట్టారు. ఆ ఏడాది ఎన్నికల్లో సమాఖ్యవాద గణతంత్ర జాబితాలో నిలబడ్డారు. అదే జాబితాలో ప్రసిద్ధ విమాన చోదకుడు రమోన్ ఫ్రాంకో కూడా ఉన్నారు. తబ్లాదా వైమానిక స్థావరం నుంచి తిరుగుబాటుకు కుట్ర పన్నుతున్నారని ప్రభుత్వం ఆ బృందం మీద నింద మోపింది. ఇన్ఫాంతే మళ్లీ ఓడిపోయారు. నిందకు సమాధానంగా ఒక పుస్తకం రాశారు. 1933లో మరోసారి పోటీ చేసి మరోసారి ఓడారు.

అదే 1933 జనవరిలో కొర్దోబాలో అందలూసియా ప్రతినిధుల సభ స్వపరిపాలన ముసాయిదాను చర్చించింది. ఆ నెలలోనే మన అల్లామా ఇక్బాల్ కూడా స్పెయిన్‌లో పర్యటిస్తున్నారు. ఖుర్తుబా మస్జిద్‌ను దర్శించి, మన ఇళ్లలో నేటికీ చదువుకునే గొప్ప నజ్మ్‌కు ప్రేరణ పొందారు. ఒక కవి ఆ స్తంభాల మధ్య గతాన్ని చూసి కన్నీరు కార్చిన రోజుల్లోనే, అదే నగరంలో ఆ నేల బిడ్డలు తమ భవిష్యత్తు ముసాయిదా మీద తర్జనభర్జన పడుతున్నారు. కన్నీరు మన వరకు వచ్చింది. ముసాయిదా కథ రాలేదు.

1936 జూలై 5న సెవిల్లాలో జరిగిన సభ, రాబోయే అందలూసియా ప్రాంతీయ మండలికి ఇన్ఫాంతేను గౌరవాధ్యక్షునిగా ఎన్నుకుంది. ఆనాటికి ఆయనకు సరిగ్గా 51 ఏళ్లు నిండాయి. ప్రాంతీయ గీతం కూడా ఆ రోజుల్లోనే తొలిసారి బహిరంగంగా వినిపించింది. పొలాల్లో కూలీలు పాడుకునే పాటను సంస్కరించి చేసిన గీతం అది. పదమూడు రోజులు గడిచాయో లేదో, జూలై 18న సెవిల్లా సైనిక తిరుగుబాటుదారుల చేతుల్లోకి పోయింది. ఆగస్టు 2న ఇన్ఫాంతేను దారుల్ ఫరహ్ నుంచి పట్టుకుపోయారు. ఆగస్టు 10 అర్ధరాత్రి దాటాక, కర్మోనా వెళ్లే రోడ్డు నాలుగో కిలోమీటరు దగ్గర, విచారణ లేకుండా, తీర్పు లేకుండా కాల్చి చంపారు. తిరుగుబాటు సేనలకు అధిపతి అయిన సేనాని, ఒకనాడు ఆయనతో ఎన్నికల జాబితా పంచుకున్న రమోన్‌కు స్వయానా అన్న. కుటుంబానికి శవం దక్కలేదు, సమాధి దక్కలేదు.

కథ అంతటితో ముగియలేదు. నాలుగేళ్ల తరువాత, 1940 మే 4న ఒక ప్రత్యేక న్యాయస్థానం చనిపోయిన మనిషి మీద తీర్పు చెప్పింది. 1931లో విప్లవ పక్షాన అభ్యర్థిగా నిలబడ్డారనీ, తరువాత ప్రాంతీయవాద పక్షాన్ని ప్రచారం చేశారనీ ఆయనను దోషిగా తేల్చి, ఆ కుటుంబానికి 2,000 పెసెటాల జరిమానా విధించింది. ముందు చంపి, తరువాత నేరం రాశారు. సోదరులారా, దస్త్రం ఎంత క్రూరంగా మారగలదో ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఫ్రాంకో 1975లో మరణించాడు. 1977 డిసెంబరు 4న అందలూసియా నగరాల్లో లక్షల మంది ఆకుపచ్చ, తెలుపు జెండాలు పట్టుకుని స్వపరిపాలన కోసం వీధుల్లోకి వచ్చారు. మలగాలో ఒక యువకుడు తుపాకీ గుండుకు బలయ్యాడు. 1980 ఫిబ్రవరి 28న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఆ తేదీయే నేటి అందలూసియా దినోత్సవం. 1981లో స్వపరిపాలన శాసనం వచ్చింది. ఇన్ఫాంతే జెండాయే అధికారిక జెండా, ఆయన గీతమే అధికారిక గీతం. ఎన్నడూ గెలవని అభ్యర్థి ఆ విధంగా గెలిచారు.

అయితే గెలుపు సంపూర్ణమా? జెండాను స్వీకరించినవారు ఆ ఆకుపచ్చ రంగు అర్థాన్ని కూడా స్వీకరించారా? 1992లో స్పెయిన్ ప్రభుత్వం అక్కడి ఇస్లామిక్ కమిషన్‌తో ఒప్పందం చేసుకుని, మత బోధన, వివాహాలు, పండుగలు వంటి విషయాల్లో ముస్లింల హక్కులను చట్టంగా గుర్తించింది. అది మెచ్చదగిన అడుగు. 2015లో మరో చట్టం, 1492లో వెళ్లగొట్టిన యూదుల వారసులకు పౌరసత్వం పొందే అవకాశం కల్పించింది. అదీ న్యాయమే, మనం స్వాగతించవలసిందే. కాని ఆ తరువాత 1609 నుంచి అదే రాజ్యం వెళ్లగొట్టిన మొరిస్కోల వారసులకు ఆ చట్టంలో చోటు లేదు. గాయం ఒకటే అయినప్పుడు మందు ఒకరికే ఎందుకన్న ప్రశ్నకు సమాధానం రాలేదు.

మరొకటి. ఖుర్తుబా మస్జిద్ 1236 నుంచి చర్చి ఆధీనంలో ఉంది. 2006లో అక్కడి బిషప్ కార్యాలయం దానిని ఆస్తి రిజిస్టరులో తన పేర నమోదు చేయించుకుంది. అందుకైన రుసుము 30 యూరోలు. నోటరీ రాసిన దస్తావేజు అక్కరలేకుండా, బిషప్ ఇచ్చిన ధ్రువపత్రమే చాలుననే వెసులుబాటు ఆనాటి చట్టంలో ఉండేది. 2015లో దానిని తొలగించారు. కాని ఆ లోపల నమోదైనవి నమోదైపోయాయి. ఈ కట్టడం అందరిదీ అని వాదించినవారిలో అక్కడి క్రైస్తవ పౌరులు కూడా వేల సంఖ్యలో ఉన్నారు. వారిని ఇన్ఫాంతే వారసులు అనవచ్చు.

ఇక మన సంగతి. తెలుగు నేల మీద పుట్టి, తెలుగు మాట్లాడే ముస్లింను ‘మీరు ఎక్కడి నుంచి వచ్చారు’ అని అడిగే సందర్భాలు నేటికీ ఎదురవుతున్నాయి. ఇన్ఫాంతే పుట్టిన 1885లోనే మన పిఠాపురంలో ఉమర్ అలీషా కవి పుట్టారు. తెలుగు పద్యం ఆయనకు పరాయిది కాలేదు, ఆయన తెలుగుకు పరాయివారు కాలేదు. మనం ఈ ప్రాంత చరిత్రలో అతిథులం కాదు, భాగస్వాములం. ఆ మాట మనం చెప్పాలి. మన పొరుగువారి నోట కూడా రావాలి. అలా చెప్పేవారు మన తెలుగు సమాజంలో ఉన్నారు. వారిని మన సభలకు పిలుద్దాం, మన పత్రికల్లో వారి మాటకు చోటిద్దాం. వారి మతం మారలేదేమని అడగవద్దు.

రెండవది, గత వైభవాన్ని నేటి పేదవాడి నుంచి వేరు చేయవద్దు. కోటల గురించి గంటలు మాట్లాడి, దూది ఏకే చేతులను, బీడీలు చుట్టే తల్లులను, మెకానిక్ షెడ్డులో చదువు మానిన పిల్లవాడిని మరిచిపోతే ఆ చరిత్ర మనకు అక్కరకు రాదు. ఇన్ఫాంతే కూలీ ఆకలి నుంచి మొదలుపెట్టి అందలూస్ చేరారు. మన దారీ అదే కావాలి.

మూడవది దస్త్రం. మీ ఊరి మస్జిద్, ఖబరస్తాన్, ఈద్గా, అషుర్‌ఖానా ఏ సర్వే నంబరులో ఉన్నాయి? వక్ఫ్ గెజెట్‌లో వాటి పేరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయా? అడంగల్‌లో, పహాణీలో ఏమని రాసి ఉంది? ముంతఖబ్ నకలు ఎవరి దగ్గర ఉంది? ఈ ప్రశ్నలకు ప్రతి జమాఅత్ దగ్గర ఒక ఫైలు సిద్ధంగా ఉండాలి. శతాబ్దాలకు సాక్షిగా నిలిచిన కట్టడాన్ని 30 యూరోల నమోదుతో ఒక సంస్థ పేర రాసుకోగలిగినప్పుడు, మన పల్లెలోని అరెకరం ఖబరస్తాన్‌ను కాపాడేది భావోద్వేగం కాదు, కాగితం. ఈ సభకు వచ్చిన విద్యార్థులు సెలవుల్లో ఇద్దరిద్దరుగా తహశీల్దారు కార్యాలయానికి వెళ్లి నకళ్లు తీసుకుంటే, దరఖాస్తు రాయడంలో, రికార్డు చదవడంలో సాయపడేందుకు మాబోటి పదవీ విరమణ చేసిన ఉద్యోగులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు.

బ్లాస్ ఇన్ఫాంతేను చంపినవారికి ఆయన శరీరం దొరికింది, జెండా దొరకలేదు. అల్లాహ్ మనకు న్యాయం పలికేవారిని గుర్తించే చూపునూ, న్యాయం కోసం ఓపికగా పనిచేసే శక్తినీ ప్రసాదించుగాక. ఆమీన్.